25 రెట్లు సరే, మరి హెల్త్ పాలసీ?

ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగేస్తే 45కే ఉద్యోగం మానెయ్యొచ్చని మీ వ్యాసంలో రాశారు. ఆ లెక్క అమెరికా మార్కెట్లు చూసి, 30 ఏళ్ల రిటైర్మెంట్‌కి కట్టింది. 45కి మానేస్తే ఇంకో 40 ఏళ్లు గడవాలి కదండీ.

నేను 51కి మానేశాను. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్ ఉంది, అమ్మాయి చదువు అయిపోయింది, అదే ధైర్యం. దెబ్బ తగిలింది ఇన్సూరెన్స్ దగ్గర. రాజీనామాతో పాటే కంపెనీ హెల్త్ పాలసీ పోయింది. కొత్తది తీసుకుంటే నా షుగర్‌కి మూడేళ్ల వెయిటింగ్ పెట్టారు, అంటే అప్పటిదాకా దాని వైద్యానికి క్లెయిమ్ ఇవ్వరు. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుని ఆ గడువు దాటించేయాల్సింది, తట్టలేదు. ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం అంటించి నెలకో గడి కొట్టేస్తున్నా. ఇంకా 14 ఉన్నాయి.

పీఎఫ్ పెన్షన్ 50 నుంచే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు ముందు తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. అందుకే ముట్టుకోలేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేద్దామంటే, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న మామూలు ఉద్యోగికైనా 55 నిండాలి.

మా ఆవిడ పెట్టిన షరతు మాత్రం ఒక్కటే: పదకొండింటికి రెండో టీ అడగకూడదట.