అమ్మలు ఎందరో ఉన్న ఇల్లు

ఆస్ట్రేలియా ఆదివాసీ కుటుంబాల్లో తల్లి అక్కచెల్లెళ్లూ తల్లులే, తండ్రి అన్నదమ్ములూ తండ్రులే. పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న అని నోరారా పిలుచుకునే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ద్రావిడ వరసలకూ వారి వరసలకూ ఉన్న పోలికను మానవశాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. అక్కడ కూడా అనేక తెగల్లో మేనమామ మాటకు బరువెక్కువ.

ఆ ఇళ్లలో పిల్లవాడు ఆకలేస్తే పిన్ని ఇంట్లో తింటాడు, నిద్రొస్తే అమ్మమ్మ పక్కలో చేరతాడు. చాలా విషయాలు వాడి ఇష్టానికే వదిలేస్తారు. అదుపు మాత్రం ఉంది. పెద్దల ఎదుట ఎలా మెలగాలో, ఏ వరసవాళ్లకు దూరంగా ఉండాలో నేర్పడానికి ఊరంతా పెద్దవాళ్లే. తెల్లవారి ఇళ్లలో ఆ పెత్తనం అమ్మానాన్నలిద్దరిది. పడక వేళ వారు చెప్పిందే, బయటికి వెళ్లాలన్నా వారినే అడగాలి. ఈ రెండో పద్ధతి ఒక్కటే పెంపకమని నమ్మిన ప్రభుత్వ శిశు సంక్షేమ అధికారికి, వారంలో మూడు ఇళ్లలో పడుకునే బిడ్డ దిక్కులేని బిడ్డగా కనిపిస్తాడు.

ఈ చూపు ఎంత చేటు చేసిందో చరిత్రలో ఉంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1915 చట్ట సవరణ తర్వాత, నిర్లక్ష్యాన్ని కోర్టులో నిరూపించకుండానే ఆదివాసీ బిడ్డను తీసుకుపోయే అధికారం ప్రభుత్వ ఆదివాసీ రక్షణ బోర్డుకు వచ్చింది. 1910 నుంచి 1970 వరకు ఆదివాసీ బిడ్డల్లో కనీసం పదిమందిలో ఒకరిని, గరిష్ఠంగా ముగ్గురిలో ఒకరిని ఇళ్ల నుంచి బలవంతంగా వేరుచేశారని 1997 నాటి జాతీయ విచారణ అంచనా వేసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా నేటికీ, దేశంలోని పిల్లల్లో 6 శాతమే ఉన్న ఆదివాసీ బిడ్డలు, ఇళ్లకు దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్నవారిలో 40 శాతానికి పైగా ఉన్నారు. 2014లో న్యూ సౌత్ వేల్స్‌లోని గనెడా పట్టణంలో ఆదివాసీ అమ్మమ్మలు, నానమ్మలు వీధికెక్కింది ఇందుకే.

హింస, మత్తు ఉన్న ఇంటి నుంచి బిడ్డను కాపాడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ పేదరికాన్నీ ఇరుకు ఇంటినీ నిర్లక్ష్యం ఖాతాలో వేయడం అన్యాయం. బిడ్డను బంధువుల దగ్గరే ఉంచాలన్న సూత్రం అక్కడి చట్టాల్లో ఉంది. దాన్ని పాటించాలంటే నిర్ణయం జరిగే గదిలోకి ముందుగా ఆ పెద్దమ్మలను, మేనమామలను పిలవాలి. కాగితాలపై సంతకాలు అయ్యాక కబురు పెడితే వాళ్లేం చేయగలరు?