ప్రయాణ గ్రాంటు గారికి ఒక లబ్ధిదారు లేఖ

మహారాజశ్రీ ప్రయాణ గ్రాంటు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు పెండింగు.

నన్ను గుర్తుపట్టారో లేదో. నగర వారసత్వ పరిరక్షణ సదస్సుకు వెళ్లే పేద విద్యార్థులను ఆదుకుంటామంటూ హైదరాబాదులోని మా ఆర్కిటెక్చర్ కాలేజీ నోటీసు బోర్డు మీద మీరు వెలిసిననాడు అందరికంటే ముందు దండం పెట్టినవాణ్ని. 8,000 రూపాయలు మంజూరైందని ఉత్తరం వస్తే హాస్టలంతటికీ టీలు పోయించాను. రెండో పేజీ అప్పటికింకా తిప్పలేదు. ఖర్చు ముందు నేనే పెట్టుకోవాలట, తిరిగొచ్చి అసలు బిల్లులు సమర్పించిన మీదట మీరు దయచేస్తారట.

మా నాయనమ్మ ఎరిగిన దారిబత్తెం మనిషి గడప దాటకముందే మూటలో ఉండేది. ఊరెళ్లొచ్చి, దారిలో తిన్నట్టు రుజువు చూపిస్తే అప్పుడు సద్దిమూట విప్పుతామనడం మీ దగ్గరే చూశాను. చేతిలో డబ్బున్నవాడే పేదవాడిగా అర్హుడు! సరే, మా బావ దగ్గర అప్పు చేసి రైలెక్కాను.

అహ్మదాబాదు చూశాను లెండి. మన దేశంలో ప్రపంచ వారసత్వ నగరంగా యునెస్కో గుర్తించిన మొదటి ఊరు, 2017లో. పాత ఊళ్లో ఇరుకు సందుల వాడలను పోళ్లు అంటారు. కొయ్య మీద లతలు చెక్కిన ఇళ్లు, మధ్యలో పావురాల కోసం స్తంభం మీద కట్టిన చబుత్రో. ఒక పెద్దావిడ వచ్చి గింజలు పోసి వెళ్లింది. ఏ పావురాన్నీ ఆవిడ రసీదు అడగలేదు. డబ్బులు మిగులుతాయని కాలూపూర్ స్టేషను నుంచి లాడ్జికి నడిచే వెళ్లాను. నడకకు బిల్లు లేదు కనుక నేను స్టేషనులోనే ఉండిపోయినట్టు మీ గుమాస్తా గారు తేల్చారు.

సదస్సులో నేను చదివిన పత్రం మన ఊరి గురించే. హైదరాబాదు పాత కట్టడాలను ఏళ్లుగా కాపాడుతూ వచ్చిన, నగరాభివృద్ధి సంస్థ (హుడా) నియమావళిలోని 13వ నిబంధనను 2015 డిసెంబరులో ఒక్క ఉత్తర్వుతో ఎత్తేశారు. ఆ తర్వాత ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలనుకుంటే, 2019లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేయాల్సి వచ్చింది. ఊరి కట్టడాలన్నిటికీ రక్ష పోవడానికి ఒక్క కాగితం చాలింది. నా 8,000కు పదకొండు కావాలి. బోనఫైడు, హాజరు పత్రం, విభాగాధిపతి సంతకం, ఆ సంతకం ఆయనదేనని ప్రిన్సిపాల్ సంతకం.

అన్నీ తెచ్చాను. లాడ్జి బిల్లు దగ్గర చిక్కుపడింది. అది వేడికి అచ్చుపడే నున్నటి కాగితం. నేను వెళ్లింది నవంబరులో, మీ ఫైలు కదిలింది ఏప్రిల్‌లో. తీసి చూస్తే తేదీ లేదు, మొత్తం లేదు, నా పేరూ లేదు. 'మళ్లీ దయచేయండి' అన్న రబ్బరు ముద్ర మాత్రం నీలంగా మెరుస్తోంది. నాలుగు వందల ఏళ్ల గోడను నిలబెట్టే విద్య నేర్చుకుంటున్నవాణ్ని, ఐదు నెలల బిల్లును నిలబెట్టుకోలేకపోయినందుకు నిజంగానే సిగ్గుపడ్డాను. 'చదువుటకు వీలుకాదు' అని దాని పక్కన మీవాళ్లు రాసిన ఎర్రసిరా అభ్యంతరం మటుకు చెక్కుచెదరలేదు.

లాడ్జికి వెళ్లి నకలు తెచ్చుకోమన్నారు. దానికి దారిఖర్చు ఇస్తారా అని అడిగితే కొత్త దరఖాస్తు ఫారం చేతిలో పెట్టారు.

ఇట్లు,
తమ లబ్ధి ఇంకా పొందని లబ్ధిదారు

తా.క.: రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, జిగురు మీరే తెచ్చుకోవాలి అన్నారు. నా దగ్గర బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి నూరిన, పాతకాలపు గోడలకు వాడే డంగుసున్నం ఉంది. పనికొస్తుందేమో కనుక్కొని చెప్పగలరు. మీ ఫైలు తేలేదాకా ఊడిరాదు.