బీచ్ రోడ్డు జలుబు విశ్వవిద్యాలయం

విశాఖలో డాక్టరు కావాలంటే ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటు రావాలి. టీకా శాస్త్రంలో పట్టాకు ఆ బాధ లేదు. తెల్లారగట్ల కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిస్తే చాలు. సిలబస్ ఒకే వాక్యం: "ఫ్లూ సూది ఏయించీసుకున్నా జలుబొచ్చీసింది, ఇంకెందుకు గురూ అది?"

ఈ సూత్రాన్ని మిగతా శాఖలకూ విస్తరించాలని మనవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వస్తుందని ముందే చెప్పారు. చెప్పినా కైలాసగిరి మీద చెట్లు కూలాయి. కనుక తుఫాను హెచ్చరికల కేంద్రానికి తాళం వెయ్యాలి. హెచ్చరిక విని వేటకు వెళ్లని పడవల మాటేమిటంటారా? కూలిన చెట్టుకు ఫొటో ఉంటుంది, మునగని పడవకు ఉండదు.

రెండో సిద్ధాంతం, "పోయినేడు ఏసుకున్నాం కదా." కిందటేడు పంచాంగం చూసి ఈ ఏడు వినాయక చవితి చేసుకునే ఇళ్లకు ఇది బాగా నప్పుతుంది. ఫ్లూ వైరస్ తన జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏకి నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దుకోదు. చాలా తప్పులు దాన్నే ముంచుతాయి. ఎప్పుడో ఒకటి వైరస్ పైనున్న హీమాగ్లుటినిన్ అనే ముల్లు ఆకారాన్ని కాస్త మారుస్తుంది, దాన్ని పట్టుకునేందుకు ఒంట్లో తయారైన పాత యాంటీబాడీకి పట్టు జారుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో తేలుస్తుంది. బి/యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత కనబడకపోయేసరికి దాని పేరూ కొట్టేసింది. ఇంత చాదస్తం బీచ్ రోడ్డులో చెల్లదు.

కరోనా వైరస్ ఫ్లూ అంత అజాగ్రత్తది కాదు, కొంత ప్రూఫు చూసుకుంటుంది. అయినా 2021 నవంబరులో ఒమిక్రాన్, స్పైక్ ముల్లు మీద 30కి పైగా మార్పులతో దిగింది. అప్పటికున్న టీకాలు పాత వూహాన్ ముల్లు చూసి చేసినవి. మన పండితుల లెక్కన మూడో డోసు శుద్ధ దండగ. తీరా చూస్తే మూడు డోసులవాళ్ల రక్తం ఒమిక్రాన్‌ను రెండు డోసులవాళ్ల రక్తంకంటే బాగా అడ్డుకుంది. కారణం చంకలో ఉంది. భుజం కండలో సూది పడ్డాక దగ్గర్లోని లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు గోదాలోకి దిగుతాయి. తమ యాంటీబాడీ జన్యువులను తామే మార్చుకుంటూ పోటీ పడతాయి. గట్టిగా పట్టినవి నిలుస్తాయి, మిగతావి పోతాయి. ఈ కసరత్తు నెలల తరబడి సాగుతుంది. మరో డోసు పడితే ఆరితేరిన జ్ఞాపక కణాలు మళ్లీ లేస్తాయి, వాటిలో కొన్ని మారిన ముల్లునూ పట్టుకుంటాయి. వైరస్ సోకిన కణాలను వెతికి పట్టే టీ కణాలైతే ముల్లు ఆకారమే చూడవు. వైరస్ ప్రోటీన్ల తునకలు చూస్తాయి, వాటిలో చాలావరకు మారవు.

మరి జలుబెందుకొచ్చింది? కండకిచ్చిన టీకా తెచ్చే యాంటీబాడీలు ప్రధానంగా రక్తంలో తిరుగుతాయి. ఊపిరితిత్తుల లోతుల్లోకి బాగానే చేరతాయి, ముక్కు పొర మీదికి తక్కువ. దొంగ గుమ్మంలో చెప్పులెత్తుకుపోయాడని ఇనప్పెట్టె తాళాన్ని తిట్టడం ఇక్కడి ఆచారం.

ఇక ప్రాక్టికల్స్. ఫ్లూ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మనవాళ్లు మందుల షాపులో కొని, ఫిషింగ్ హార్బరు నుంచి వంజరం తెచ్చినట్టు ఐసులో పూడ్చి క్లినిక్కి తెస్తారు. గడ్డకట్టి కరిగినా చూపుకి మామూలుగానే ఉండొచ్చు, కానీ అది పారబొయ్యాల్సిందే. కొందరు ముందురోజే తెచ్చి ఫ్రిజ్ తలుపు అరలో ఆవకాయ సీసా పక్కన పెడతారు. తలుపు తీసినప్పుడల్లా వేడి తగిలేది ఆ అరకే.

వానలు దిగకముందు వేయించుకోమంటే, ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నప్పుడు పరిగెత్తుతారు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మూడో రోజున ముక్కు కారితే సూదే జలుబు తెచ్చిందని తీర్పు. చచ్చిన వైరస్‌తో చేసిన టీకా జలుబెలా తెస్తుందన్నది సిలబస్‌లో లేని ప్రశ్న. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు పడాలన్నది కూడా.

ఇంతకీ ఈ పండితుల పక్కనే గొలుసుతో నడిచే లాబ్రడార్‌కు ఏటా సూది పడుతుంది, పుస్తకంలో స్టిక్కరుతో సహా, ఒక్క ఏడూ తప్పకుండా. దాన్ని ఎవరూ అభిప్రాయం అడగలేదు.