దాచిన తాళం కంటే పదిమంది చూసిన తాళమే గట్టిది

కొత్త యాప్‌లో ఎవరికి ఏ పర్మిషన్ ఇవ్వాలనే మీటింగ్ ఏ ఆఫీసులో పెట్టినా ఒకాయన తప్పకుండా అంటాడు, "ఓపెన్ స్టాండర్డ్ అంటే ఎవరైనా చదవగలిగే నియమాలు, దొంగకి కూడా తెలిసిందే కదండీ, ఏదైనా కంపెనీ సొంత ఫ్రేమ్‌వర్క్ కొనేద్దాం" అని. వినడానికి బానే ఉంటుంది గానీ తలకిందుల లెక్క అది.

గేటు దగ్గర తాకిస్తే తెరుచుకునే మైఫేర్ క్లాసిక్ కార్డు సంగతే చూడండి. 1994లో వచ్చింది, లండన్ ఆయిస్టర్ కార్డు, నెదర్లాండ్స్ రవాణా కార్డు, ఎన్నో ఆఫీసుల గేట్లు దాని మీదే నడిచాయి. లోపలున్న క్రిప్టో-1 సైఫర్ (సమాచారాన్ని గుప్తంగా మార్చే పద్ధతి) ఎలా పనిచేస్తుందో బయటికి పొక్కనివ్వలేదు, ఆ రహస్యమే రక్ష అనుకున్నారు. 2007 చివర్లో పరిశోధకులు చిప్‌ని పొరలు పొరలుగా గీకి మైక్రోస్కోప్ కింద పెట్టి చదివేశారు, తీరా చూస్తే సరుకు డొల్ల. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు పేపర్ వేస్తామంటే తయారీ కంపెనీ ఎన్‌ఎక్స్‌పీ 2008లో కోర్టుకెక్కింది, అక్కడా చుక్కెదురే. మరి ఆ తర్వాతి కార్డు మైఫేర్ ప్లస్‌లో ఏం పెట్టారో తెలుసా? ఏఈఎస్ అనే సైఫర్, అంటే ప్రపంచమంతా చదివి, తిప్పి తిప్పి పరీక్షించిన ఓపెన్ స్టాండర్డ్!

ఇటు పాస్‌వర్డ్ చెప్పకుండానే ఒక యాప్‌కి మన ఖాతాలో పర్మిషన్ ఇచ్చే ఓపెన్ స్టాండర్డ్ ఓఆథ్‌లో 2009 ఏప్రిల్‌లో లోపం దొరికింది, జూన్‌కల్లా సరిచేసిన 1.0ఏ వెర్షన్ వచ్చేసింది. అక్కడ లోపం బయటపడటానికే పదమూడేళ్లు, ఇక్కడ దొరికిన లోపం సరిచేయడానికి రెండు నెలలు.

దాని తర్వాతి వెర్షన్ ఓఆథ్ 2.0 మరీ వదులు అంటారు, నిజమే, దాని ఎడిటర్ ఎరాన్ హామరే 2012లో విసిగిపోయి తన పేరు తీసేయించుకున్నాడు, తప్పుగా వాడితే అదీ కొంప ముంచుతుంది. కానీ ఆ వదులు బిగించడానికి 2015లో పర్మిషన్ కోడ్‌ని మధ్యలో కొట్టేసినా పనికిరాకుండా చేసే పీకేసీఈ, 2025 జనవరిలో భద్రతా సూచనల ఆర్‌ఎఫ్‌సీ 9700 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ నియమాల బహిరంగ పత్రం) వచ్చాయి, అదీ అందరి ముందే. కంపెనీ సరుకులో అయితే వాళ్లు ప్యాచ్ ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే, రేటు పెంచినా నోరు మూసుకుని కట్టడమే.

అసలు నా బాధ వేరే. మన అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డులు చూడండి, ఎక్కువగా ప్రొడక్టుల పేర్లే. ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతారు గానీ టోకెన్ (యాప్‌కి ఇచ్చే పర్మిషన్ చీటీ) అంటే ఏంటి, స్కోప్ (ఆ పర్మిషన్ ఎంతవరకు) ఎందుకు, లాగిన్ అయ్యాక తిరిగి పంపే రీడైరెక్ట్ అడ్రస్ సరిగ్గా చెక్ చేయకపోతే ఏమవుతుంది అని చెప్పేవాళ్లు తక్కువ, ఆ ప్రొడక్ట్ మూలపడిందా, పిల్లాడు మళ్లీ ఫీజు కట్టి ఇంకో కోర్సులో చేరాలి. ఓఆథ్ 2.0 అసలు నియమాలు రాసున్న ఆర్‌ఎఫ్‌సీ 6749 చూస్తే 76 పేజీలు, పైసా ఖర్చు లేదు. ఆ బోర్డుల మీద దాని పేరు నాకింతవరకు కనపడలేదు.