చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడని భార్య మీద బలవంతాన్ని ఒప్పుకోవాలా?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "తండ్రి చేతిలో దెబ్బలు తిని పెరిగిన మగవాడు పడకగదిలో భార్యను బలవంతపెడితే అది అతని తప్పు కాదు, చిన్ననాటి గాయం చేయించే పని. భార్యే ఓర్పుతో, ప్రేమతో మార్చుకోవాలి." చూడ్డానికి జాలిగా ఉంది. అందుకే ఇంతమంది నమ్ముతున్నారు.

"దెబ్బలు తిన్నవాడు అలాగే తయారవుతాడు" అన్నది మొదటి మాట. బాల్యంలో పడ్డ హింసకూ, పెద్దయ్యాక చేసే లైంగిక బలవంతానికీ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి, నిజమే. కానీ ముప్పు పెరగడం వేరు, అలా మారి తీరడం వేరు. అమెరికాలో పరిశోధకురాలు కేథీ విడమ్ బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైన 908 మంది రికార్డులను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రచురించారు. మిగతా పిల్లల కంటే వీళ్లలో అరెస్టులు ఎక్కువే. అయినా నూటికి డెబ్బై మందికి పైగా బాలనేరస్థులు కాలేదు. మన దేశంలో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో అడిగితే, ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. గాయమే బలవంతం చేయిస్తే, ఆ ఆడపిల్లలు పెరిగి పెద్దయ్యాక మొగుళ్లను ఇలాగే బలవంతపెట్టాలి కదా?

"అతని అదుపులో ఉండదు" అనేది ఇంకా అన్యాయం. బంగ్లాదేశ్, శ్రీలంక సహా ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా మగవాళ్లను అడిగి ఐక్యరాజ్యసమితి సంస్థలు 2013లో ఒక నివేదిక ఇచ్చాయి. బలాత్కారం చేశామని ఒప్పుకున్నవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా చెప్పిన కారణం ఒకటే: ఆమె ఒప్పుకున్నా లేకున్నా తమకు ఆ హక్కు ఉందనుకోవడం. బాల్యంలో హింసకు గురైనవాళ్లలో ఈ నేరం ఎక్కువని కూడా అందులోనే ఉంది. అంటే గాయం ఉంది, దానితోపాటు ఈ హక్కు భావన కూడా ఉంది. సందేశం రాసినవాళ్లు మొదటిది చెప్పి రెండోది దాచేశారు. పైగా ఆమెను లొంగదీసుకోవడానికి అలిగి రోజుల తరబడి మాట్లాడకపోవడం, ఇంటి ఖర్చులకు డబ్బు ఆపడం, "ఇంకొకతెను చూసుకుంటా" అని బెదిరించడం అదుపు తప్పినవాడు చేసే పనులా?

"మొగుడూ పెళ్లాల మధ్య బలవంతమేంటి" అనేవాళ్లకు: భార్యకు 18 ఏళ్లు దాటితే దాన్ని అత్యాచారంగా చూడకుండా భారతీయ న్యాయ సంహిత ఇప్పటికీ మినహాయిస్తోంది, అది మన సిగ్గు. కానీ 2005 గృహహింస చట్టం లైంగిక హింసను పేరు పెట్టి మరీ చేర్చింది. ఆమె కోర్టులో రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు.

ఇక ఓర్పు సంగతి. చిన్నప్పుడు హింస చూసిన ఆడవాళ్లకే పెళ్లయ్యాక మళ్లీ హింస ఎదురయ్యే ముప్పు ఎక్కువ. అలాంటి మనిషినే వైద్యురాలిగా మారి అతన్ని బాగుచేయమంటున్నారు! అతనికి చికిత్స కావాలంటే మానసిక వైద్యుల దగ్గరకు అతనే వెళ్లాలి. అతను బాగుపడేదాకా ఆమె ఒళ్లు అప్పగించి ఎదురుచూడాల్సిన పనిలేదు.