వీసా వచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లయిపోతున్నారు

అమెరికా పౌరసత్వం పొందిన ఒక అక్క 2006లో గుంటూరులోని తమ్ముడి కోసం ఐ-130 పిటిషన్ (బంధువును అమెరికాకు రప్పించుకోవడానికి వేసే దరఖాస్తు) వేసిందనుకుందాం. అప్పటికి తమ్ముడి కూతురికి మూడేళ్లు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు సంబంధించిన ఎఫ్4 కేటగిరీలో ఏ తేదీన పిటిషన్ వేసినవారి దాకా వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది; భారతీయులకు ఆ తేదీ 2025 బులెటిన్లలోనూ 2006 దాటలేదు. పందొమ్మిదేళ్ల తర్వాత ఆ కుటుంబం వంతు వచ్చింది. తమ్ముడి జుట్టు నెరిసింది, పాపకు ఇరవై రెండేళ్లు వచ్చాయి. ఇప్పుడు తమ్ముడికీ మరదలికీ వీసా వస్తుంది. ఏ బిడ్డ చదువు కోసం అంతా కూర్చుని ఆ దరఖాస్తు నింపారో, ఆ బిడ్డకే రాకపోవచ్చు.

ఇరవై ఏళ్లు ఆగడం బాధే. కానీ నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ రెండో సంగతి. కుటుంబాన్ని కలపడానికని పెట్టిన దారి, దాని చివరికి చేరిన కుటుంబాన్నే రెండుగా చీలుస్తోంది.

కుటుంబ వీసాలన్నీ ఇంత ఆలస్యం కావు. అమెరికా పౌరుల భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, తల్లిదండ్రులు ఏటా ఇన్నే అన్న పరిమితి కిందికి రారు. వారికి పట్టేది కాగితాల పరిశీలనకు అయ్యే సమయమే. మిగతావారికి వరుస ఉంది. అన్నిటికంటే పొడవైనది తోబుట్టువులది. 1990లో చేసిన చట్టం ఎఫ్4కు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు కేటాయించింది. ఆ అంకె ఇప్పటికీ అంతే. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించకూడదన్న నిబంధన ప్రకారం చూస్తే భారతీయుల వాటా సుమారు 4,550. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ లెక్కలోకి తమ్ముడొక్కడే కాదు, అతని భార్యా పిల్లలూ వస్తారు. ఇంటికి నలుగురనుకుంటే ఏడాదికి దాటేది వెయ్యి పైచిలుకు కుటుంబాలు మాత్రమే. ఇన్ని కోట్ల మంది ఉన్న దేశానికి వెయ్యి కుటుంబాలు!

వీసా బులెటిన్‌ను క్యాలెండర్‌లా చదవడం మనవాళ్లలో తరచూ కనిపించే పొరపాటు. తేదీ 2006లో ఉంది, మాది 2016, కాబట్టి ఇంకో పదేళ్లు అని లెక్క కడతారు. ఆ తేదీ ఏడాదికి ఒక ఏడాది చొప్పున కదలదు. కొన్ని నెలలు కదలకుండా నిలిచిపోతుంది, ఒక్కోసారి వెనక్కీ వెళుతుంది. ఆ లెక్కను నమ్మి ఊళ్లో ఇల్లు కట్టడం ఆపేసినవారూ, ఉద్యోగంలో బదిలీ వద్దన్నవారూ ఎందరో.

పిల్లల వయసు విషయానికి వద్దాం. 21 దాటిన బిడ్డ చట్టం దృష్టిలో ‘పిల్ల’ కాదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే 2002లో పిల్లల హోదా పరిరక్షణ చట్టం వచ్చింది. వంతు వచ్చి వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన నాటి వయసులోంచి, పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని తీసేయమంది. వినడానికి బాగుంది. కానీ తీసేసేది ఆమోదానికి పట్టిన కాలాన్నే, ఆ తర్వాత వరుసలో నిలబడిన ఏళ్లను కాదు. మన గుంటూరు అమ్మాయి పిటిషన్ అధికారుల బల్ల మీద నాలుగేళ్లు పడి ఉంటే, ఇరవై రెండులోంచి నాలుగు పోయి పద్దెనిమిది. ఆమె వెళ్లవచ్చు. అదే పిటిషన్‌ను ఓ చురుకైన అధికారి ఆరు నెలల్లో ఆమోదించి ఉంటే వయసు ఇరవై ఒకటిన్నర. ఆమె ఇక్కడే ఉండిపోవాలి. ఫైలు త్వరగా కదలడమే బిడ్డకు శాపమైంది. ఇలాంటి పిల్లలకు మొదటి పిటిషన్ తేదీనైనా నిలిపి ఉంచమని వేసిన కేసులో 2014లో అమెరికా సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. తల్లిదండ్రులు వెళ్లి, గ్రీన్‌కార్డు వచ్చాక, కొత్త పిటిషన్ వేసి, మళ్లీ మొదటి నుంచి నిలబడాలి.

తోబుట్టువుల కేటగిరీనే ఎత్తేయాలన్న వాదన కొత్తది కాదు. 2013లో అమెరికా సెనేట్ ఆమోదించిన బిల్లులోనూ ఆ ప్రతిపాదన ఉంది; ప్రతినిధుల సభలో అది ముందుకు సాగలేదు. ఎవరిని రానివ్వాలన్నది ఆ దేశం ఇష్టం, కాదనను. కానీ రుసుము కట్టించుకుని, తేదీ ఇచ్చి, రెండు దశాబ్దాలు నిలబెట్టినవారి పట్ల ఒక బాధ్యత ఉంటుంది. పిటిషన్ వేసిన రోజున బిడ్డ వయసు ఎంతో, చివరిదాకా అంతే అని లెక్కించడం కనీస న్యాయం. ఏటా ఇచ్చే వీసాల సంఖ్య పెంచకుండానే ఈ మార్పు చేయవచ్చు.

చట్టం మారేదాకా మన ఇళ్లలో జరిగే పొరపాట్లనైనా ఆపుకోవాలి. అన్నిటికంటే ప్రమాదకరమైనది పెళ్లి. గ్రీన్‌కార్డు ఉన్న తల్లి 21 దాటిన పెళ్లికాని కూతురికి పిటిషన్ వేసిందంటే, తల్లికి పౌరసత్వం రాకముందే కూతురి పెళ్లి జరిగితే ఆ పిటిషన్ రద్దవుతుంది. పౌరసత్వం వచ్చాక జరిగితే అది వేరే కేటగిరీలోకి మారి బతికి ఉంటుంది. ‘గుడిలో చేశాం, రిజిస్టర్ చేయించలేదు కదా’ అనే మాట చెల్లదు. మూడు ముళ్లు పడ్డాక పెళ్లి పెళ్లే. దాచిపెట్టి దొరికితే జీవితకాలం తలుపు మూసుకుపోవచ్చు. మంచి సంబంధం వచ్చిందని ముహూర్తం పెట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్క గంట మాట్లాడటం ఖర్చు కాదు.

కాగితాల కష్టం మనకు కాస్త ఎక్కువ. 1970కి ముందు పల్లెల్లో పుట్టినవారిలో చాలామందికి జనన ధ్రువపత్రం లేదు. అది లేదని మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి పత్రం తెచ్చి, పదో తరగతి సర్టిఫికెట్ వంటివి జతచేయాలి. పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించి, అక్కకు పెళ్లయ్యాక అది మరో ఇంటిపేరై ఉంటుంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని అధికారికి చూపాల్సింది ఈ కాగితాలతోనే. అమ్మానాన్నలు ఉండగానే సరిచేయించుకోవడం మేలు. పిటిషన్ వేసిన అక్క ఈలోగా కన్నుమూస్తే, ఇండియాలో ఉన్న తమ్ముడి పిటిషన్ తనంతట తానే రద్దవుతుంది. మానవతా దృష్టితో పునరుద్ధరించమని అడగవచ్చు గానీ అది హక్కు కాదు. వచ్చేవారి పోషణకు హామీ ఇవ్వాల్సిన అక్క రిటైరై ఆదాయం తగ్గితే మరొకరు ఉమ్మడి స్పాన్సరుగా నిలబడవచ్చు.

వంతు వచ్చిందన్న నోటీసు అందాక ఏడాదిలోపు కదలకపోతే కేసు మూసేస్తారు. పాత ఈమెయిల్, మారిన ఇంటి చిరునామా వల్ల ఆ నోటీసు చేరకపోయే ప్రమాదం ఉంది. బీరువాలో పిటిషన్‌కు సంబంధించిన రెండు నోటీసులుంటాయి: అందినట్టు ఒకటి, ఆమోదించినట్టు ఒకటి. ఆ రెండు తేదీల మధ్య ఎన్నాళ్లున్నాయో లెక్క వేసి, మీ పిల్లల పుట్టినరోజుల పక్కన రాసుకోండి. వారికి దారి లేదని తేలితే ఆ సంగతి ఇప్పుడే చెప్పండి. అమెరికా వెళ్తాం కదా అని ఆపుకున్న కోర్సులో వాళ్లు ఈ ఏడాదే చేరవచ్చు.