డిక్కీకి కొత్త చిల్లులు కొట్టుకోవాలంట!

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోను?

నాన్న కారు సంగతి మీలో చాలామందికి తెలుసు. ప్రీమియర్ ప్రెసిడెంట్, అంటే పద్మిని అని పేరు పడకముందు కొద్దికాలం ఆ బండికి ఉన్న పేరు. డిక్కీ మీద ఉండే పేరు బ్యాడ్జ్ మధ్యలో చీలింది, ఎప్పుడు ఊడి రోడ్డు మీద పడుతుందోనని భయం. నకలు చేయించి బిగించి, అసలుది ఇంట్లో భద్రంగా దాచుకుందామని లోహపు పోతలు, పూతలు చేసే ఒక షాపులో ఇచ్చాను. ఇవాళ నకలు చేతిలో పెట్టారు. తళతళా మెరుస్తోంది. తీరా డిక్కీ మీద పెట్టి చూస్తే, ఒక కొస పిన్ను చిల్లులో దిగింది, రెండో కొస పిన్ను రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగిపోయింది. ఇదేంటయ్యా అని అడిగితే, "డిక్కీకి కొత్త చిల్లులు కొట్టుకోండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు.

కొత్త చిల్లులు! నాన్న వానాకాలం వచ్చిందంటే గుడ్డతో అంచులు తుడిచి తుడిచి తుప్పు రాకుండా కాపాడిన రేకు అది. టింకరింగ్ వాళ్ల సుత్తి దెబ్బ కూడా పడని డిక్కీ. వాళ్ల కొలత తప్పితే నా కారుకు చిల్లు పెట్టుకోవాలా?

అసలు ఆ రెండు మిల్లీమీటర్లు ఎందుకు తగ్గాయో వాళ్లకు తెలియదా? కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుదించుకుంటుంది. పోత పని చేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే సంగతి అది. అందుకే ముందు నమూనాను ఆ మేరకు పెద్దగా చేసుకుని, దానితో అచ్చు తీస్తారు. వీళ్లు నా బ్యాడ్జ్‌నే ఇసుకలో నొక్కి అచ్చు తీసి పోసేశారు. పొట్టిగా రాక ఇంకెలా వస్తుంది? అక్షరాల అంచులు కూడా మొద్దుబారిపోయాయి. కంపెనీ పోతలో అక్షరం అంచు మీద వేలు పెడితే గీసుకునేంత పదును ఉండేది. ఇది సబ్బు బిళ్ల అరిగినట్టు ఉంది.

ఇంతవరకే అయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. అసలు బ్యాడ్జ్‌ను ఏం చేశారో చెబితే మీ కడుపు కూడా రగులుతుంది. దాన్ని ముట్టుకోవద్దు, కడగొద్దు, కొలతలు తీసుకుని అలాగే ఇచ్చేయండి అని ఒకటికి రెండుసార్లు చెప్పి ఇచ్చాను. కోటింగ్‌కి వచ్చిన బంపర్లతో పాటు దాన్నీ యాసిడ్‌లో ముంచారు! బంపర్ ఉక్కు. కాసేపు యాసిడ్‌లో ఉన్నా తట్టుకుంటుంది, తుప్పు పోతుంది. ఆ కాలం బ్యాడ్జ్‌లు జింక్ కలిపిన లోహంతో పోసినవి. జింక్‌ని యాసిడ్‌లో వేస్తే బుసబుసా పొంగి కరిగిపోతుంది. పదో తరగతి పుస్తకంలో ఉన్న ప్రయోగమే కదా! నా చేతికి తిరిగొచ్చేసరికి వెనక పిన్నులు సూదుల్లా సన్నబడ్డాయి. ఒకటైతే పూర్తిగా లేదు. ముందువైపు క్రోమ్ లేచిపోయి, కింద లోహం గుంటలు గుంటలుగా తేలింది. అది బాగుపడాలంటే ఆ గుంటలన్నీ పూడ్చి, ముందు రాగి పూత, దాని మీద నికెల్, ఆ పైన క్రోమ్ వేయాలి. ఆ రాగి పూత కూడా జింక్‌ని తినని ద్రావణంలో వేయాలి. అంత ఓపిక ఎవరికుంది? "పాతది కదా సార్, తట్టుకోలేదు" అన్నారు. మీరు ముంచే దాకా తట్టుకుంది కదయ్యా!

కొందరు మిత్రులు మంచి మాటే అనుకుని సలహా ఇస్తున్నారు, ఫియట్ సామాన్లు ఇటలీలో దొరుకుతాయి, తెప్పించుకో అని. ఫియట్ 1100కి కావలసినవి అక్కడ కొత్తగా చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ప్రెసిడెంట్ అన్న పేరు ఇటలీది కాదండీ. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో పెట్టిన పేరు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మన రోడ్ల మీదికి వచ్చిన బండే, ఫియట్ పేరు పోయి 1973 ప్రాంతంలో కొద్దికాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974లో పద్మిని అయింది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా పద్మినే. అందుకే దేశమంతా పద్మిని బ్యాడ్జ్‌లు దొరుకుతాయి, ప్రెసిడెంట్ దొరకదు.

అన్నిటికంటే గుచ్చుకునే సలహా మా చుట్టాల నుంచే వచ్చింది. "బాబాయ్, పద్మిని బ్యాడ్జ్ పెట్టేయరాదూ, బండి అదేగా!" అదే బండి కాదురా నాయనా. మీ తాతయ్య పేరు పలకడం కష్టంగా ఉందని పక్కింటాయన పేరు రాసి గోడకు తగిలిస్తావా?

పేరుకు విలువ లేదా మరి? బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీలో బండి లేదు, పని లేదు. అయినా 2017లో ఆ అంబాసిడర్ అన్న పేరు మాత్రమే 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్ముడుపోయింది. కంపెనీలు అమ్ముకునేటప్పుడు పేరుకు 80 కోట్లు. ఒక కొడుకు తన తండ్రి కారుకు అదే పేరు నిలుపుకోవాలంటే మాత్రం ఎవరు చూస్తారు!

చేయగలిగే చేతులు మనకు లేక కాదు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పూలూ లతలూ ఎంత సన్నగా తీస్తారో చూశారా? ఆదిలాబాద్ జిల్లాలో లోహపు బొమ్మలు పోసే ఓజులు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. వెంట్రుకంత తీగ కూడా పోతలో నిలుస్తుంది. ఆ పద్ధతిలో, సరైన కొలతకు చేసిన నమూనా ఇస్తే జానెడు బ్యాడ్జ్ వాళ్లకొక లెక్కా? మధ్యలో ఆ నమూనా చేసి ఇచ్చేవాడు లేడు. ఎందుకు లేడంటే, నమూనా చేయాలంటే చెడిపోని అసలు బ్యాడ్జ్ కావాలి.

అది ఉన్నవాళ్లు ఇవ్వరు. ఇదండీ నా అసలు మంట. ఈ షాపు వాళ్లు ఇవాళ్టి సంగతి. ఈ మంట ఏళ్ల నాటిది. మన పాత కార్ల బృందంలోనే ఒక పెద్దమనిషి దగ్గర నిక్షేపంలాంటి ప్రెసిడెంట్ బ్యాడ్జ్‌లు అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటి కింద బండి లేదు. ఒక్క గంట మీ ఇంట్లోనే, మీ కళ్ల ముందే కొలతలు తీసి స్కాన్ చేసుకుంటానని బతిమాలాను. "నకళ్లు వస్తే నా దానికి రేటు పడిపోతుంది" అని ముఖం మీదే అన్నాడు. 2023 అక్టోబరులో ముంబైలో చివరి పద్మిని టాక్సీలు రోడ్డు దిగిపోయినప్పుడు అందరికంటే పెద్ద పోస్టు పెట్టింది ఈయనే. చిన్ననాటి జ్ఞాపకాలట, కళ్లు చెమర్చాయట. తిరిగే బండికి పేరు నిలబెట్టడానికి ఒక గంట ఇవ్వలేని ప్రేమ ఏం ప్రేమ?

2021లో కేంద్రం పాత బండ్లకు వింటేజ్ నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి, రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు కట్టాలి. అసలు రూపంలో ఉంచడానికి నేను సిద్ధమే. మరి ఉంచుకోవడానికి ముక్కలు ఎక్కడ? దాచుకున్నవాడు బీరువా తియ్యడు. చేసిపెడతానన్నవాడు యాసిడ్‌లో ముంచుతాడు.

మీలో ఎవరి దగ్గరైనా, మీ తాతల షెడ్డులోనో తుక్కు డబ్బాలోనో ప్రెసిడెంట్ బ్యాడ్జ్ ఉంటే చెప్పండి. నాకు అమ్మక్కర్లేదు, చేతికివ్వక్కర్లేదు. నేనే వెర్నియర్ పట్టుకుని మీ ఊరు వస్తాను. అది కూడా కుదరదంటే, కింద స్కేలు పెట్టి ముందూ వెనకా తిన్నగా తీసిన ఫొటోలు పంపండి. అక్షరాల మందం, అంచుల వాలు తెలిసేలా పక్క నుంచి కూడా ఒకటి తీయండి. పిన్నుల దూరం అక్కర్లేదు, అది నా డిక్కీ చిల్లుల నుంచి నేనే కొలుచుకుంటాను.